మన చేన్ల మధ్య గట్టు

ఒరే అబ్బీ,

బాగున్నావా? అమ్మకు బెంగళూరు చలి పడుతోందా? మొన్న ఫోన్లో "మన చేన్లలో కౌజు పిట్టలు ఇంకా కూస్తున్నాయా" అని అడిగావు. నువ్వు ట్రాఫిక్‌లో ఉన్నావు, నేను మోటారు దగ్గర ఉన్నాను, ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. అప్పటినుంచి ఆ మాట మనసులో మెదులుతూనే ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నీతో ఒక పని కూడా ఉంది, చివరిదాకా చదువు.

కూస్తున్నాయిరా. కానీ మన చిన్నప్పటిలా కాదు. బడికి పోయే దోవలో వంక దాటేలోపే ఐదారు చోట్ల నుంచి "కిటిటర్, కిటిటర్" అని ఒకదాని మీద ఒకటి పోటీపడి కూసేవి కదా. శెనక్కాయ పీకేటప్పుడు కాళ్ళ కిందినుంచి పూరేళ్ళు బుర్రుమని లేస్తే గుండె ఝల్లుమనేది. మా పిల్లోడు పదో తరగతికి వచ్చాడు, వాడు చెవులపిల్లిని ఇప్పటికి రెండేసార్లు చూశాడు. ఒకటి రోడ్డు మీద బండి కింద పడింది. రెండోదాని సంగతి తర్వాత చెప్తా.

ఊళ్ళో ఎవర్నడిగినా వేటగాళ్ళ వల్లే అంటారు. కాదనను. మీ మామ దీమం కౌజును పంజరంలో పెట్టుకొని తెల్లారకముందే గుట్ట కింద కూర్చునేవాడు. అది కూస్తే అడవి కౌజు తన జాగాలోకి ఎవడొచ్చాడని కొట్లాటకు వచ్చి ఉచ్చులో తగులుకునేది. మనమూ నైలాన్ దారంతో ఉచ్చులు పన్నినవాళ్ళమే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కౌజునైనా చెవులపిల్లినైనా పట్టడం నేరమని అప్పుడు మనకు చెప్పినవాళ్ళు లేరు. ఇప్పటికీ రాత్రిపూట లైట్లు వేసుకొని తిరిగేవాళ్ళు ఉన్నారు, అది ఆగాల్సిందే. కానీ ఒక్కటి ఆలోచించు. మా జేజినాయన కాలంలో ఇంటింటా ఉచ్చులుండేవి, అయినా పిట్ట తరగలేదు. మన ఒక్క తరంలోనే ఎందుకు తరిగింది?

నాకు అర్థమైనంతలో, మనం దాని ఇల్లు తీసేశాం. ఆ ఇల్లు గట్టు.

మన రెండు చేన్ల మధ్య గట్టు ఎంత వెడల్పుండేదో గుర్తుందా? ఎద్దులబండి పోయేంత. దాని మీద తంగేడు, రేగు, బలుసు, కలివి పొదలు, మధ్యమధ్యలో బోదగడ్డి. కౌజు చెట్టు మీద గూడు కట్టదు, పొద మొదట్లో నేల గీరి గుడ్లు పెడుతుంది. చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డిలో ఒళ్ళు పట్టేంత గుంట చేసుకొని పడుకుంటుంది. పూరేడు సంగతి ఇంకా వింత. మనం పూరేళ్ళని పిలిచేవాటిలో ఒక రకానికి ఆడదే కూస్తుంది, గుడ్లు పెట్టి పోతుంది, మగది పొదుగుతుంది. వీటన్నిటికీ కావాల్సింది పెద్ద అడవి కాదు, ఆ నాలుగు గజాల గట్టే.

దాన్ని నేనే తీయించానురా. బోరు పడిన ఏడాది చీనీ చెట్లు పెడదామని జేసీబీ పిలిపించి మూడు గట్లు చదును చేయించాను. మిగిలిన గట్ల మీద గడ్డిమందు కొట్టాను. చేను అద్దంలా ఉందని ఊరంతా మెచ్చుకుంటే నేనూ సంతోషపడ్డాను. రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున నీళ్ళు కడుతుంటే తట్టింది, చేను నిశ్శబ్దంగా ఉందని. డ్రిప్పు పైపులో నీళ్ళు కారే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. అక్కడ మన కౌజుకు దాయాది లాంటి పిట్ట ఒకటుంది. అది తగ్గిపోతుంటే ససెక్స్ అనే చోట 1968 నుంచి చేన్లను ఏటేటా లెక్కగట్టి చూశారు. గడ్డిమందు పిట్టను నేరుగా చంపలేదు. మందుకు కలుపు చచ్చింది, కలుపు మీద బతికే పురుగులు పోయాయి, పురుగులు లేక పిల్లలు ఆకలితో చచ్చాయి. పెద్ద పిట్ట గింజలు తిని బతుకుతుంది గానీ గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు వారాలు పిల్లకు పురుగే తిండి. మన కౌజు పిల్లలకూ చెదలు, చీమలు, చిన్న పురుగులే ఆధారం.

వాళ్ళు ఏం చేశారంటే, చేను అంచున ఆరు మీటర్ల మేర మందు కొట్టకుండా వదిలారు. పెద్ద చేన్ల నడుమ మట్టి ఎత్తుగా పోసి గడ్డి పెంచారు. చలికాలం అందులో దాక్కున్న పురుగులు పంట కాలంలో బయటికొచ్చి పేనుబంకను తింటాయట. అది చదివి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళు డబ్బు పెట్టి కొత్తగా కట్టుకున్నది మన తాతలు ఇచ్చిన గట్టేరా!

మూడేళ్ళ కింద తూర్పు గట్టుకు మందు ఆపాను. చీనీ చెట్ల వరసల మధ్య వానకు ముందే నవధాన్యాలు చల్లుతున్నాను, ప్రకృతి వ్యవసాయం వాళ్ళు చూపించిన పద్ధతిలో విత్తనానికి మట్టి పట్టించి. శెనక్కాయలో మళ్ళీ కంది, అలసంద, జొన్న సాళ్ళు వేస్తున్నాను. గట్టు మీద వేసవిలో నిప్పు పెట్టనివ్వడం లేదు. ఏప్రిల్ నుంచి కౌజులు గుడ్లు పెట్టే కాలం, మనవాళ్ళు గడ్డికి నిప్పు పెట్టేదీ సరిగ్గా అప్పుడే. ఈ విషయంలో గొర్రెల కాపరులతో రెండుసార్లు మాటామాటా అనుకున్నాం. తర్వాత ఒక పక్క మేపుకోమని వదిలితే ఒప్పుకున్నారు.

ఇక చెవులపిల్లి సంగతి. ప్లాస్టిక్ షీటు పరిచిన నీళ్ళ కుంట ఉంది కదా, ఎండాకాలంలో నీళ్ళకు దిగి ఎక్కలేకపోయింది. పొద్దున పిల్లోడే చూశాడు. షీటు మీద నీళ్ళ అంచు చుట్టూ గోళ్ళ గీతలు. రాత్రంతా తిరిగినట్టుంది. వాడు ఆ పూట అన్నం తినలేదు. ఆరోజే గోనెసంచులు కుట్టి తాడుతో కట్టి నాలుగు వైపులా నీళ్ళలోకి వేలాడదీశాం. ఆ తర్వాత ఒక్కటి కూడా చావలేదు. గోనె మీద బురద అడుగులు కనపడుతుంటాయి.

నెమళ్ళు ఎక్కువయ్యాయి కాబట్టి అన్నీ బాగున్నాయని ఊళ్ళో కొందరి వాదన. కాదు. నెమలి ఎక్కడైనా బతుకుతుంది, దాన్ని చూసి కౌజు గురించి చెప్పలేం. ఇంకొందరు చెట్లు నాటితే చాలంటారు. కడప జిల్లా లంకమల దగ్గర కలివికోడి అనే అరుదైన పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనపడక 1986లో మళ్ళీ దొరికింది. దొరికింది దట్టమైన అడవిలో కాదు, పలచటి ముళ్ళపొదల్లో. మనం బంజరు అని రాసుకునే నేల అది. బట్టమేక పిట్ట కోసం 1988లో రోళ్ళపాడును అభయారణ్యం చేశారు, ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనపడటమే గగనమైంది. కంచె లోపల గడ్డి ఉంటే చాలదు, పిట్ట కంచె దాటి చేన్లలోకీ వస్తుంది. ఆ చేన్లు మారిపోతే అదేం చేస్తుంది?

ఈ ఆగస్టులో ఒక పొద్దున చూశానురా. తూర్పు గట్టు చివర ఎండిన పేడకడిని కౌజు కాలితో తిరగేసింది. కింద చెదలు. అది పక్కకు జరిగి సన్నగా పిలిచింది. తంగేడు కిందినుంచి బొటనవేలంత పిల్లలు, వీపు మీద గోధుమరంగు చారలతో, ఒకటి, రెండు, మూడు, ఐదు వచ్చాయి. నేను చెప్పులు చేత పట్టుకొని కాలు కదపకుండా నిలబడిపోయాను. కరెంటు పోయి మోటారు ఆగింది, అయినా కదల్లేదు. వాటిని చూస్తుంటే మా జేజినాయన గుర్తొచ్చాడు.

ఆ గట్టు అవతలి సగం మీదే. మీ చేను గుత్తకు చేసే అన్న మంచివాడే, కానీ ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్టు చదును చేయిస్తానంటున్నాడు. జేసీబీకి అడ్వాన్సు కూడా ఇచ్చాడు, శనివారం వస్తుందట. నేను చెప్తే నీకెందుకంటాడు, చేను నీది కాబట్టి నువ్వే చెప్పాలి. ట్రాక్టరు తిరగడానికి నా చేను మూలలో దోవ ఇస్తానని కూడా చెప్పు, ఆ మాట నాది. అడ్వాన్సు పోతే సగం నేను పెట్టుకుంటా.

ఉత్తరం శుక్రవారం లోపు అందకపోవచ్చని ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పెడుతున్నాను. చూడగానే ఆయనకు ఫోన్ చెయ్.

నీ జతగాడు