పొగ గొట్టం బండి కిందే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు మిర్చితో ఢిల్లీ వైపు, కొల్లేరు చేపలతో బెంగాల్, అస్సాం వైపు వెళ్లే మన లారీలకు డిసెంబరు, జనవరి రాత్రులు గండమే. బెజవాడలో 17 డిగ్రీలకే స్వెట్టర్ తొడిగే మనిషి ఢిల్లీ వైపు నాలుగైదు డిగ్రీల చలిలో, రేకు క్యాబిన్‌లో పడుకోవాలి. కొందరు బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుంటారు. కొందరు వంట స్టవ్ వెలిగించుకుంటారు, ఇంకొందరు రాత్రంతా ఇంజిన్ ఆన్‌లో ఉంచుతారు. ఈమధ్య చిన్న డీజిల్ హీటర్లను ఆన్‌లైన్‌లో తెప్పించి బిగించమని విజయవాడ ఆటోనగర్‌లోని మా మెకానిక్‌ల దగ్గరికి పట్టుకొస్తున్నారు. లంబసింగి, అరకు తిరిగే కార్లవాళ్లూ అడుగుతున్నారు. హీటర్ మంచి వస్తువే. బిగించడంలో జరిగే తప్పులే ప్రాణం మీదికి తెస్తున్నాయి. వాటి గురించి మీ పత్రిక ద్వారా పదిమందికీ తెలియాలని ఈ ఉత్తరం.

ముందు కుంపటి సంగతి. బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టేస్తుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. అలసిపోయిన డ్రైవరుకు ఇవి మామూలు నిద్రమత్తులాగే అనిపిస్తాయి, అందుకే లేవడు. అద్దం ఒక వేలంత దించి ఉంచాం కదా అంటారు. ఆ సందు చాలదు. క్యాబిన్‌లో కుంపటికి సురక్షితమైన పద్ధతంటూ ఏదీ లేదు.

రాత్రంతా ఇంజిన్ ఆడిస్తే పెద్ద లారీకి గంటకు రెండు మూడు లీటర్ల డీజిల్ ఖర్చు. 2 కిలోవాట్ల హీటర్ అదే గంటకు పూర్తి మంట మీద పావు లీటరు, తగ్గించి పెడితే 100 మిల్లీలీటర్లు తాగుతుంది. ఓనర్లు దీనివైపు చూడటానికి కారణం ఇదే. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన ఎన్2, ఎన్3 తరగతి (లోడుతో కలిపి 3.5 టన్నులు దాటే) లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ బండిలో వచ్చే మామూలు హీటర్ ఇంజిన్ నీళ్ల వేడి మీద ఆధారపడుతుంది. ఇంజిన్ ఆపిన అరగంటకు అదీ చల్లారిపోతుంది.

డీజిల్ హీటర్‌లో మంట మండే గది వేరు, వేడిగాలి నడిచే దారి వేరు. మధ్యలో అల్యూమినియం గోడ ఉంటుంది. మంటకు కావలసిన గాలి బండి కింద నుంచి ఒక గొట్టంలో వస్తుంది, పొగ ఇంకో గొట్టంలో బండి కిందికే పోతుంది. క్యాబిన్ గాలి మాత్రం ఆ గోడను బయటివైపు నుంచి తాకి వేడెక్కి, తిరిగి క్యాబిన్‌లోకి వస్తుంది. ఈ రెండు దారులూ ఎక్కడా కలవనంత కాలం భయం లేదు. జర్మనీ కంపెనీలు ఎబర్‌స్పేచర్, వెబాస్టో తయారు చేసేవీ, వాటిని చూసి చైనాలో చేసే చవక సెట్లూ పనిచేసేది ఇలాగే.

ఇప్పుడు అసలు బాధ. హీటర్, పంపు, చిన్న టాంకీ, అన్నీ ఒకే పెట్టెలో పెట్టి, పైన పిడి తగిలించి అమ్ముతున్నారు. పిడి ఉంది కాబట్టి కొన్నవాళ్లు దాన్ని సీటు వెనక పెట్టి, పొగ గొట్టాన్ని అద్దం సందులోంచి బయటికి తోసి, చుట్టూ గుడ్డలు కుక్కుతున్నారు. అలా పెడితే మంటకు గాలి లోపలి నుంచే పోతుంది, పొగ గొట్టం జాయింట్లూ లోపలే ఉంటాయి. చవక సెట్‌తో వచ్చే సైలెన్సర్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. రేకు అంచులు మడిచి నొక్కి ఉంటాయి, వెల్డింగ్ ఉండదు. ఆ మడతలోంచి పొగ కారుతుంది. కారిన పొగ బండి కిందైతే గాలికి పోతుంది, సీటు వెనకైతే పడుకున్నవాడి ముక్కులోకి పోతుంది. ఆ పెట్టె పెట్టుకోవాల్సిందే అనుకుంటే క్యాబిన్ బయట టూల్‌బాక్స్‌లో పెట్టి, క్యాబిన్ గాలి హీటర్‌లోకి వెళ్లే గొట్టం, వేడిగాలి తిరిగి వచ్చే గొట్టం మాత్రమే లోపలికి తేవాలి.

బిగింపు విషయానికొస్తే, లారీ స్లీపర్ క్యాబిన్‌కు 2 కిలోవాట్లు చాలు. 5 కొన్నవాళ్లు రాత్రంతా దాన్ని సన్న మంట మీద నడుపుతారు. డీజిల్ సరిగా కాలక లోపల మసి పేరుకుని నెలలోనే మొరాయిస్తుంది. పెట్టె మీద 8 కిలోవాట్లని రాసిన చవక సెట్లలో చాలావాటి లోపల ఉండేది 5 కిలోవాట్ల బాడీయే.

హీటర్ కూర్చునే చోట ఫ్లోర్ సమంగా ఉండాలి. ప్యాసింజర్ సీటు కిందో, బెర్త్ కిందో చూసుకుని, ముందు బండి కిందికి దూరి బ్రేకు పైపులు, వైరింగ్, టాంకీ ఎక్కడున్నాయో చూడండి. డ్రిల్ పట్టుకోవడం ఆ తర్వాతే. సెట్‌తో వచ్చే ఇనుప ప్లేటును అచ్చుగా పెట్టి మూడు రంధ్రాలు గుర్తించాలి: పొగకు, గాలికి, డీజిల్‌కు. గాట్లున్న ఫ్లోర్ మీద నేరుగా బిగిస్తే హీటర్ కింది గ్యాస్కెట్ (సందు మూసే పలుచటి బిళ్ల) పట్టదు, పొగ ఆ సందులోంచే పైకి వస్తుంది. ప్లేటు చుట్టూ వేడికి తట్టుకునే సీలెంట్ పూయాలి. హీటర్‌ను ఎప్పుడు విప్పినా పాత గ్యాస్కెట్ మళ్లీ వాడకూడదు.

పొగ గొట్టం మొదటి నుంచి చివరిదాకా వాలుగా ఉండాలి. వాలు కుదరని చోట అన్నిటికంటే కింద ఉన్న బిందువు దగ్గర 4 మి.మీ. రంధ్రం వేయండి. డీజిల్ కాలితే నీటి ఆవిరి వస్తుంది, చల్లటి గొట్టంలో అది నీరై నిలిచి పొగకు అడ్డుపడుతుంది. గొట్టం 2 మీటర్లు దాటకూడదు. చివర కిందికి, వెనక్కి చూడాలి. తలుపు కింద, అద్దం కింద, మంటకు గాలి పీల్చే గొట్టం పక్కన ఉండకూడదు. ఒక పైపును ఇంకో పైపులోకి దూర్చి క్లిప్పుతో బిగించినంత మాత్రాన సరిపోదు, ఎగ్జాస్ట్ పేస్టు కూడా పూయాలి. మన బండ్లకు ఇంకో చిక్కుంది. పట్టా కొసలు, కట్టుతాళ్ల చివరలు వేలాడుతుంటాయి, ఛాసిస్ మీద చెక్క దిమ్మెలుంటాయి. పొగ గొట్టం పైభాగం రెండు వందల డిగ్రీలు దాటుతుంది. పత్తి, మిర్చి లోడున్న బండిలో ఆ కొసకు నిప్పంటుకుంటే ఎంతవరకు పోతుందో చెప్పక్కర్లేదు. గొట్టానికి వేడి తగలని చుట్టు చుట్టి, నాలుగు చోట్ల ఇనుప క్లాంపులు వేయాలి. ఎండుగడ్డి మీద బండి ఆపి హీటర్ వేయకూడదు.

క్యాబిన్ ముందుకు వంగే బండ్లలో ఇంకో తప్పు జరుగుతుంది. హీటర్ క్యాబిన్‌కు, పంపు ఛాసిస్‌కు ఉంటాయి. డీజిల్ గొట్టం, వైర్లు కీలు దగ్గర వదులు లేకుండా లాగి కట్టేస్తారు. మొదటిసారి క్యాబిన్ ఎత్తినప్పుడు గొట్టం ఊడిపోయి ఇంజిన్ మీద డీజిల్ కారుతుంది. బిగించిన రోజే క్యాబిన్‌ను పూర్తిగా ఎత్తి దించి చూడాలి.

డీజిల్‌ను ఇంజిన్‌కు వెళ్లే పైపును కోసి తీయకండి. మెయిన్ టాంకీలో వేరే నిలువు పైపు దించుకోవాలి. అది అడుగుకు ఆనకూడదు, కాస్త పైనే ఆగాలి. అడుగున నీళ్లు, నలకలు ఉంటాయి. పైగా హీటర్ టాంకీ మొత్తం తాగేయకుండా బండి కదలడానికి డీజిల్ మిగులుతుంది. పంపును రబ్బరు పట్టీలో, డీజిల్ బయటికి వచ్చే కొస పైకి ఉండేలా కనీసం 15 డిగ్రీల వాలుతో, వీలైతే నిట్టనిలువుగా బిగించాలి. పడుకోబెడితే గాలి బుడగ లోపలే చిక్కుకుంటుంది. అప్పుడు పంపు టక్ టక్ అంటూనే ఉంటుంది కానీ డీజిల్ వెళ్లదు. సన్న నైలాన్ గొట్టాల లోపలి వ్యాసం 2 మి.మీ. మాత్రమే. రెంటిని కలిపేచోట రబ్బరు ముక్క లోపల కొసలు ఒకదానికొకటి ఆనాలి. మధ్యలో సందుంటే బుడగ అక్కడ పెరిగి, వెళ్లినప్పుడల్లా మంట ఆరిపోతుంది. ఈ సన్న నైలాన్ గొట్టం బదులు లావుపాటి పెట్రోలు హోస్ వేయడం ఇంకో పొరపాటు.

మొదటిసారి వెలిగించినప్పుడు గొట్టం ఖాళీగా ఉంటుంది కాబట్టి అంటుకోదు. స్విచ్ మళ్లీ మళ్లీ నొక్కితే లోపల డీజిల్ నిండిపోయి, అంటుకున్నప్పుడు గొట్టంలోంచి మంట, దట్టమైన పొగ వస్తాయి. కంట్రోలర్‌లో పంపును విడిగా నడిపే పద్ధతి ఉంటుంది. గొట్టంలో డీజిల్ హీటర్ మూతిదాకా రాగానే ఆపేయాలి. వెలిగేటప్పుడు కాసేపు తెల్లపొగ రావడం మామూలే. ఆగకుండా తెల్లగా వస్తుంటే డీజిల్ కాలడం లేదని, నల్లగా వస్తుంటే గాలి చాలడం లేదని అర్థం.

కరెంటు పనిలోనే ఎక్కువ ఫిర్యాదులు పుడుతున్నాయి. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు ఇస్తాయి. చేతిలో 12 వోల్టుల హీటర్ ఉందని ఒక్క బ్యాటరీ నుంచే లాగుతారు. ఆ బ్యాటరీ ఎప్పుడూ సగమే చార్జవుతుంది, పక్కది అతిగా చార్జవుతుంది, చివరికి రెండూ పోతాయి. లారీకి 24 వోల్టుల సెట్టే కొనండి. అందులో పంపు, గ్లోప్లగ్ (డీజిల్‌ను అంటించే వేడి కడ్డీ) కూడా 24 వోల్టులవే ఉన్నాయో చూసుకోండి. 12 వోల్టుల చిన్న బండ్లలోనైతే గ్లోప్లగ్ వెలిగించేటప్పుడు దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ 4 మీటర్ల దూరంలో ఉండి 1.5 చదరపు మి.మీ. తీగ వేస్తే రానుపోను 8 మీటర్లలో ఒక వోల్టు పడిపోతుంది. హీటర్ బ్యాటరీ వీక్ అని చూపి ఆగిపోతుంది. 4 చదరపు మి.మీ. తీగ వేస్తే పడేది 0.4 వోల్టు లోపే. సిగరెట్ లైటర్ సాకెట్ దీనికి పనికిరాదు. నేరుగా బ్యాటరీ నుంచి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి లాగాలి. తీగ రేకులోంచి వెళ్లే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ (రేకు అంచుకు తీగ కోసుకోకుండా తొడిగే రింగు) ఉండాలి.

ఆపేటప్పుడు కంట్రోలర్ మీదే ఆపాలి. బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పకూడదు. మంట ఆరాక ఫ్యాను నాలుగైదు నిమిషాలు తిరిగి లోపలి వేడిని బయటికి పంపుతుంది. కరెంటు పీకేస్తే ఆ వేడి ప్లాస్టిక్ ఫ్యానునూ సర్క్యూట్‌నూ మాడ్చేస్తుంది. రోజూ ఆపే ముందు ఒక పావుగంట పూర్తి మంట మీద నడిపితే మసి కాలిపోతుంది. బంకులోకి వెళ్లే ముందు, నాలుగు గోడల షెడ్డులోకి తోలే ముందు హీటర్ ఆపేయాలి. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లకు ఈ హీటర్ అసలు వద్దు.

కశ్మీర్ వైపు వెళ్లేవారికి ఇంకో మాట. మన దగ్గర పోయించుకున్న డీజిల్‌లోని మైనం గట్టి చలికి గడ్డకడుతుంది. మొదట మూసుకుపోయేది ఈ 2 మి.మీ. గొట్టమూ, పంపు మూతి దగ్గరి సన్న జల్లెడే. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది కూడా ఇందుకే. చలి ప్రాంతంలోకి వెళ్లేలోపు ఇక్కడి డీజిల్ చాలావరకు ఖర్చయ్యేలా చూసుకుని అక్కడి బంకులోనే నింపుకోవాలి. కిరోసిన్ కలపడం నేరం, పంపుకూ చేటు. శ్రీనగర్ 1,585 మీటర్ల ఎత్తులో ఉంది. 1,500 దాటితే గాలి పలచబడి నల్లపొగ, మసి పెరుగుతాయి. ఎత్తుకు తగ్గట్టు పంపు వేగం తగ్గించే ఏర్పాటున్న కంట్రోలర్ అలాంటి దారికి మేలు.

లంబసింగిలో రెండు రాత్రులు గడిపే కారుకు ఇది అనవసరమని మా అభిప్రాయం. అడుగున దళసరి పరుపు, పైన రెండు రగ్గులు చాలు. కారు బ్యాటరీ చిన్నది, లోపలి చోటు ఇరుకు, ఫ్లోర్ కింద పొగ గొట్టానికి సరైన దారి దొరకదు. పెట్రోలు కారైతే డిక్కీలో డీజిల్ టాంకీ కూడా మోయాలి. నెలల తరబడి బండిలోనే ఉండేవారి సంగతి వేరు. ఎవరు బిగించుకున్నా బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలిపి, బిల్లు, ఫోటోలు దాచుకోవాలి.

లారీ ఓనర్ల సంఘాలకు మా విన్నపం ఒక్కటే. హీటర్ కొనే డబ్బులోనే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కొనండి. పొగ అలారం ఈ పనికి రాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం తయారైన అలారం గాలిలో ఈ వాయువు 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 100) ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే 3 నిమిషాల్లోపు మోగుతుంది. దాన్ని డాష్‌బోర్డు మీద కాదు, బెర్త్‌లో తలగడ పక్కన బిగించాలి. దానిలోని సెన్సర్‌కు గడువుంటుంది, వెనక రాసిన తేదీ చూసి మార్చాలి. అమ్మేవాళ్లు బిగించే పద్ధతిని తెలుగులో అచ్చువేసి పెట్టెలో పెడితే డ్రైవరన్నలు తామే చదువుకుని సరిచూసుకుంటారు.

హీటర్ బిగించిన బండిని ఓనర్లు షెడ్డు నుంచి తీసుకునే ముందు తలుపులు, అద్దాలు మూయించి, లోపల అలారం పెట్టి, మనుషులు బయట నిలబడి అరగంట పూర్తి మంట మీద నడిపించండి. ఆపి చల్లారాక టార్చి పట్టుకుని బండి కిందికి దూరి ప్రతి జాయింటూ చూడండి. ఎక్కడైనా చుట్టూ నల్లగా మసి గీత కనిపిస్తే అక్కడ పొగ కారుతున్నట్టే. అది సరిచేయించేదాకా బండిని లోడుకు పంపకండి.

ఇట్లు,
ఆటో ఎలక్ట్రీషియన్లు, మెకానిక్‌లు
జవహర్ ఆటోనగర్, విజయవాడ