పాలతీగ ముసుగులో మన ఈతవనం

దేవరకొండ,
ఫిబ్రవరి 9

ప్రియమైన యాదగిరీ,

నీ ఉత్తరం సంక్రాంతి వెళ్ళిన వారానికి అందింది. అమ్మ నాలుగుసార్లు చదివించుకుంది. మీ ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో నది ఒడ్డున తీగల ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయని, ఆకు తిప్పితే పసుపు పొడి వేళ్ళకు అంటుకుంటోందని రాశావు చూడు, అక్కడికి రాగానే నా గుండె ఆగినంత పనైంది. నువ్వు పంపిన ఫోటోలోని ఊదారంగు గంటపువ్వు మన వాగు మీద పూసేదే. దానికి మన ఊళ్ళో సరైన పేరు కూడా లేదు. తుంచితే పాలు కారుతుంది కాబట్టి పాలతీగ అంటున్నాం. ఇంగ్లీషువాళ్ళది రబ్బరు తీగ. పుట్టిల్లు మడగాస్కర్. ఆ పాలలో రబ్బరు ఉంటుందని కొందరు, పువ్వు అందానికి కొందరు దేశదేశాలకూ మోసుకెళ్ళారు.

మనం ఎండాకాలం సెలవుల్లో ముంజల కోసం తిరిగిన ఒడ్డు నీకు గుర్తుందిగా? తాటిచెట్ల పక్కనే ఈతవనం. ఇప్పుడు నువ్వు చూస్తే గుర్తుపట్టవు. దుప్పటి కప్పినట్టు మట్టల దాకా తీగే. కల్లు గీసే లింగన్న మామ మోకు, ముత్తాదు భుజాన వేసుకుని చెట్టు మొదట్లో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు మొన్న. ఎక్కడానికి చోటు లేదు, గీయడానికి మొవ్వ కనబడదు. ఎండ తగలక నాలుగు చెట్లు అప్పటికే ఎండిపోయాయి. "కొడుకు పోయినా ఇంత బాధపడనురా" అన్నాడు. ఆ మాట అనకూడదని అత్త కోప్పడింది గానీ, ఆయన కళ్ళు చూస్తే నాకు ఏమీ అనాలనిపించలేదు.

ఒక కాయ తెచ్చి అరుగు మీద కూర్చుని విప్పాను. కాయలు రెండేసి ఎదురెదురుగా, కోడెదూడ కొమ్ముల్లా ఉంటాయి. ఎండకు నెర్రె విచ్చిన చోట గోరు పెడితే చాలు, లోపల పట్టుకుచ్చులు కట్టుకున్న గోధుమరంగు గింజలు వరుసగా పేర్చి ఉన్నాయి. లెక్కపెడుతూ నాలుగు వందలు దాటాక మానేశాను. ఇంతలో గాలి తిరిగింది. సగం గింజలు లేచి పశువుల కొట్టం మీదుగా బత్తాయి తోట వైపు వెళ్ళిపోయాయి. వాటి వెంట పరుగెత్తాను యాదగిరీ, పట్టుకోలేకపోయాను. వాగుకు నీళ్ళొస్తే ఇంకా దూరం పోతాయి. పైగా ఆకు విషం. పశువు తింటే గుండె దెబ్బతిని చస్తుంది.

"మీరు కూడా ఈ తెగులును తెప్పించుకోవచ్చు కదా" అని అడిగావు. వారం రోజులుగా దొరికినదల్లా చదువుతూ అదే ఆలోచిస్తున్నాను. మీ దగ్గర కనబడే ఆ పసుపు పొడి తుప్పు తెగులు శిలీంధ్రానిది. ఈ తీగను అణచడానికే దాన్ని మడగాస్కర్‌లో వెతికి పట్టి, పరీక్షలు ముగించి, 1995లో వదిలారు. అంతకుముందే 1988లో ఆకు తినే చిమ్మటను వదిలారు. తెగులు తీగను ఒక్కసారిగా చంపదు. ఆకు రాల్చి, కాయలు తగ్గించి, ఏటేటా నీరసపరుస్తుంది.

మనకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1795లో ఎర్రరంగు కోసం బ్రెజిల్ నుంచి మన దేశానికి కొచినీల్ పురుగు తెచ్చుకున్నారు. వచ్చింది అనుకున్న జాతి కాదు, రంగు సరిగా రాలేదు. కానీ అది నాగజెముడును తినేసింది! ఇంకో రకం నాగజెముడు దక్షిణాదిన పొలాలు ఆక్రమిస్తే, 1926లో శ్రీలంక నుంచి మరో కొచినీల్ జాతిని తెచ్చి దాన్నీ అణిచారు. జెముడు డొంకలకు తెల్లటి దూది పట్టినట్టయి కుళ్ళిపోయాయని మా తాత వాళ్ళ నాన్న చెప్పేవాడట.

అయినా నేను తొందరపడలేకపోతున్నాను. రబ్బరు తీగది గన్నేరు కుటుంబం. అందులోనూ దాని దగ్గరి చుట్టాలెవరో తెలుసా? మన సుగంధిపాల, మారేడు గడ్డల తీగ. నల్లమలలో చెంచులు వేర్లు తవ్వి తెస్తే మనం వేసవిలో షర్బత్ చేసుకుని తాగే సుగంధిపాల! తుప్పు తెగులుకు ఆ తీగ కూడా రుచిస్తే? మీ దగ్గర కూడా దగ్గరి బంధువులైన స్థానిక తీగల మీద పరీక్షించాకే వదిలారు. ఇక్కడ సుగంధిపాల మీద, మారేడు గడ్డల మీద ఏళ్ళ తరబడి మూసిన గదిలో పరీక్షించకుండా ఒక్క ఆకు కూడా విమానం ఎక్కకూడదు. జేబులో దాచి తెస్తానని రాశావు, ఆ ఆలోచన మానెయ్. నా మీద ప్రేమతోనే అన్నావని తెలుసు.

పరీక్షలన్నీ నెగ్గినా నిలదొక్కుకుంటుందని చెప్పలేం. మికానియా అనే మరో పాకుడు తీగ అస్సాం తేయాకు తోటల్నీ కేరళనూ కప్పేస్తుంటే 2005లో అస్సాంలో, 2006లో కేరళలో దాని తుప్పు తెగులును వదిలారు. పపువా న్యూ గినీలో చక్కగా పనిచేసిన ఆ శిలీంధ్రమే ఇక్కడ వేళ్ళూనుకోలేదు. దాని మీద ఏళ్ళకేళ్ళు కష్టపడ్డవాళ్ళ నిరాశ తలచుకుంటే బాధేసింది.

అందుకే ప్రస్తుతానికి మాకు కొడవలి, గడ్డపార. కాయలు పగలకముందే పని కావాలని శివరాత్రి లోపు ముహూర్తం పెట్టుకున్నాం. తీగ కోసి వదిలేస్తే మొదలు మళ్ళీ చిగురిస్తుంది, కాబట్టి వేరు గడ్డతో సహా తవ్వాలి. పాలు తగిలి నా ముంజేతి మీద ఎర్రగా పొక్కింది, ఇప్పుడు పాత చొక్కా చేతులు మణికట్టు దాకా కట్టుకుంటున్నాను. నిన్నటికి పదకొండు ఈతచెట్లు బయటపడ్డాయి. లింగన్న మామ ఒకదాని మొవ్వ తడిమి, "ప్రాణం ఉంది" అన్నాడు.

నువ్వు ఈసారి నది దగ్గరికి వెళ్ళినప్పుడు నాకొక పని చేసిపెట్టు. రబ్బరు తీగ చుట్టాలైన అక్కడి స్థానిక తీగల ఆకులు కూడా తిప్పి చూడు. వాటి అడుగున పసుపు పొడి ఉందో లేదో రాయి.

నీ
నరసింహ