రైతుబిడ్డ గెలిచిన రాత్రే మా బస్సు అద్దం పగిలింది

సంపాదకుల వారికి నమస్కారం.

నేను హైదరాబాద్ సిటీ బస్సులో కండక్టర్‌ని. పదకొండేళ్ల సర్వీసు. పుట్టిల్లు సిద్దిపేట జిల్లాలో ఒక చిన్న పల్లె. నాన్నకు రెండెకరాల చెలక, ఒక బోరు ఉన్నాయి. డిసెంబర్ 17 ఆదివారం రాత్రి బిగ్‌బాస్ ఏడో సీజన్ ఫైనల్‌లో నాగార్జున గారు, ‘రైతుబిడ్డ’నని చెప్పుకునే పల్లవి ప్రశాంత్‌ను విజేతగా ప్రకటించినప్పుడు సంతోషంతో ఏడ్చాను. ఆరు గంటలైనా గడవకముందే డిపోలో ఇంకో రకంగా కళ్లనీళ్లు పెట్టుకున్నాను. వారం కావస్తున్నా ఆ గెలుపును పూర్తిగా సంతోషపడలేకపోతున్నాను.

ప్రశాంత్‌ది గజ్వేల్ దగ్గర కొల్గూరు. మాకు చుట్టమూ కాదు, మా ఊరివాడూ కాదు. అయినా సెప్టెంబర్ 3న షో మొదలైన రోజు నుంచీ మా అమ్మ అతన్ని ‘మనోడు’ అనే పిలిచింది. రోజూ రాత్రి ఫోన్ చేసి ముందు అడిగే మాట ‘తిన్నవా’ కాదు, ‘ఓటేసినవా బిడ్డా’. ఆమెది బటన్ల ఫోన్, అందులోంచి మిస్డ్ కాల్ ఇచ్చేది. నేను డ్యూటీ దిగి క్యాష్ కట్టేసి, డిపో మెట్ల మీద కూర్చునే హాట్‌స్టార్‌లో ఓటు వేసేదాన్ని. రెండో వారం నామినేషన్లలో ఇంట్లో చాలామంది ఒక్కటై అతన్ని నిలబెట్టి, ‘రైతుబిడ్డ’ అన్న మాటనే తప్పుపడుతుంటే మా అమ్మకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మార్కెట్ యార్డులో తడిసిన మక్కల ముందు నిలబడి మాటలు పడిన మనిషి ఆమె. ఆ కుర్రాడు తల దించుకుని నిలబడిన తీరు ఆమెకు కొత్తదేమీ కాదు.

అతను చేసిందల్లా ఒప్పే అని నేను అనను. నాగార్జున గారు చూసుకొమ్మని ఇచ్చిన మిర్చి మొక్క వాడిపోయినప్పుడు నాకూ కోపం వచ్చింది. నామినేషన్లలో గొంతు చించుకోవడం కొన్నిసార్లు అతి అనిపించింది. కానీ టాస్కుల్లో ప్రాణం పెట్టి ఆడాడు. గెలిచాక 35 లక్షలూ రైతులకే ఇస్తానన్నాడు. (బహుమతి 50 లక్షల్లో 15 లక్షల సూట్‌కేసు తీసుకుని ఇంకో ఆటగాడు ప్రిన్స్ యావర్ ముందే వెళ్లిపోయాడు. ఇంటి పరిస్థితి చూసుకుని తీసుకున్న ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను.)

ఆ రాత్రి నా మనసులో నిలిచిన ఇంకో దృశ్యం రెండో స్థానంలో నిలిచిన అమర్‌దీప్‌ది. అతనికి నేనెప్పుడూ ఓటు వేయలేదు. రవితేజ గారు వేదిక మీదికి వచ్చి, ఇప్పుడే బయటికి వస్తే నా సినిమాలో వేషం ఇస్తానంటే, ట్రోఫీకి రెండడుగుల దూరంలో ఉన్నవాడు మరో మాట లేకుండా గేటు వైపు నడిచాడు. ఒక మనిషిని అభిమానించడమంటే అదీ అనుకున్నాను. తనదేదో వదులుకోవడానికి సిద్ధపడ్డాడే తప్ప ఎవరిదీ లాక్కోలేదు. అదే అమర్‌దీప్ ఆ రాత్రి షో జరిగిన స్టూడియో బయటికి వచ్చేసరికి, అక్కడ చేరిన అభిమానుల గొడవలో అతని కారు అద్దాలు పగిలాయి. కారులో తల్లి, భార్య ఉన్నారు. 105 రోజులు కొడుకు కోసం ఎదురుచూసిన తల్లి అతన్ని ఇంటికి తీసుకెళ్లాల్సిన రాత్రి అది.

అదే గొడవలో మా ఆర్టీసీ బస్సులు ఆరు దెబ్బతిన్నాయి. వాటిలో ఒకటి మా డిపోది. నాది ఫస్ట్ సర్వీసు కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లాను. షెడ్డులో ఆ బస్సు ముందు అద్దం సాలెగూడులా ఉంది. లేడీస్ సీట్ల మీద, కింద గాజు పెంకులు. మెకానిక్ అన్న చీపురుతో ఊడుస్తుంటే, ఆ పెంకుల్లోంచి ఎవరిదో చిన్నపిల్ల చెప్పు ఒకటి బయటపడింది. రాత్రి షో చూస్తూ నేను చప్పట్లు కొట్టిన సమయంలోనే ఈ బస్సులో ఎవరో పిల్లను ఒళ్లో అదుముకుని తల వంచుకుని ఉంటారు.

ఇక్కడొక సంగతి మీ పాఠకులు గమనించాలి. డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. అప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు లేదు. జీరో టికెట్లు కొట్టీ కొట్టీ నా బొటనవేలు వాచింది. ఆ కష్టం నాకు ఇష్టమే. అలాంటి వారంలో ఒక బస్సు షెడ్డులో పడితే ఆ ట్రిప్పులన్నీ పోయినట్టే. సోమవారం పొద్దున ఇళ్లల్లో పనికి వెళ్లే అక్కలు స్టాపులో నిలబడి, ‘మా బస్సేది కండక్టరమ్మా’ అని నన్నే అడిగారు. బిగ్‌బాస్ గొడవలో పగిలిందని చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే ఆ గొడవ చేసినవాళ్లు అభిమానులమన్నారు, నేనూ అభిమానినే.

పత్రికల్లో, టీవీల్లో ‘రైతుబిడ్డ ఫ్యాన్స్’ అన్న మాట పగిలిన అద్దాల ఫొటోల పక్కన కనబడినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన టమాటా బాక్సులు గజ్వేల్ చేరింది పల్లెవెలుగు బస్సు మీదే. లగేజీ టికెట్‌కు డబ్బులు తక్కువైన రోజు, తర్వాత ఇద్దువులే అని కండక్టర్ అన్నదీ ఆ బస్సులోనే. నేను ఈ ఉద్యోగంలోకి రావడానికి సగం కారణం ఆ కండక్టరే. బస్సు మీద రాయి వేసే చేతిని రైతు పేరుతో పిలవకండి, దయచేసి.

ఆ గొడవ కేసులో ప్రశాంత్‌ను 20న అరెస్టు చేశారు, 22న బెయిలు వచ్చింది. ఎవరి తప్పు ఎంతో కోర్టు చూసుకుంటుంది, అది నా పని కాదు. షో నిర్వాహకులను మాత్రం ఒకటి కోరుతున్నాను. అన్నపూర్ణ స్టూడియో ముందు రోడ్డు బస్సులు తిరిగే రోడ్డు. ఫైనల్ రోజు అక్కడికి జనం వస్తారని ఏడు సీజన్లుగా చేస్తున్నవారికి తెలియనిది కాదు. వచ్చే ఏడాది పోలీసులతో, ఆర్టీసీతో ముందే మాట్లాడి, ఆ సాయంత్రం రూట్లు మళ్లించండి. ఆటగాళ్లను వాళ్ల కుటుంబాలతో జాగ్రత్తగా ఇంటికి చేర్చండి. ప్రశాంత్‌కు, ఓటు వేసిన అక్కగా ఒక మాట: గొడవ సద్దుమణిగాక ఒకరోజు ఏదైనా డిపోకు రా తమ్ముడూ. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డ్రైవర్లను, కండక్టర్లను పలకరించు. నీ కోసం వచ్చిన కుర్రాళ్లు మా మాట వినరు, నీ మాట వింటారు.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. ‘బెయిలొచ్చిందట గదా’ అంది. వచ్చిందన్నాను. కాసేపు ఊరుకుని, ‘మరి మీ బస్సు బాగైందా’ అని అడిగింది. కొత్త అద్దం వేశారు, రేపు రూటు మీదికి వస్తదని చెప్పాను.

ఇట్లు,
ఒక మహిళా కండక్టర్, హైదరాబాద్
(ఉద్యోగంలో ఉన్నాను కనుక పేరు ప్రచురించవద్దని మనవి)
23 డిసెంబర్ 2023