జాగిలం ఆగిన ఇల్లు వార్తలో ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

చోరీయో హత్యో జరిగిన మరునాడు మన పత్రికల్లో దాదాపు తప్పకుండా కనిపించే వాక్యం ఒకటుంది: ‘పోలీసు జాగిలం ఘటనాస్థలం నుంచి బయలుదేరి ఫలానా వీధిలోని ఇంటి ముందు ఆగింది.’ కొన్నేళ్ల కిందట మా ఊళ్లో ఇలాంటి వాక్యమే ఒక కిరాణా కొట్టు యజమానిని మూడు వారాలపాటు దొంగను చేసింది. చివరికి అసలు దొంగ పొరుగు జిల్లాలో సొమ్ముతో సహా దొరికాడు; ఆ సంగతి లోపలి పేజీలో రెండు పంక్తులకు పరిమితమైంది. నిజానికి జాగిలం పొరబడిందని కూడా అనలేను. ముందురోజు సాయంత్రం చోరీ జరిగిన ఇంటికి బియ్యం బస్తా మోసుకెళ్లి దించి వచ్చింది ఆయనే మరి.

చర్మం నుంచి నిరంతరం రాలే సూక్ష్మమైన పొలుసులు, చెమట, వాటిని ఆశ్రయించి బతికే బ్యాక్టీరియా కలిసి ప్రతి మనిషికీ తనదైన వాసనను ఇస్తాయి. ఒకే ఇంట్లో ఉంటూ ఒకే తిండి తినే ఏకరూప కవలలను సైతం శిక్షణ పొందిన జర్మన్ షెపర్డ్ కుక్కలు వాసనతో వేరు చేయగలవని చెక్ పరిశోధకులు 2011లో చూపారు. యంత్రాలు మాత్రం ఇంకా అంత దూరం రాలేదు. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ వారు 2023లో 60 మంది అరచేతుల వాసనను మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువుల బరువును బట్టి రసాయనాలను గుర్తించే పద్ధతితో) విశ్లేషించి, అది స్త్రీదో పురుషుడిదో 96 శాతానికి పైగా సరిగ్గా చెప్పగలిగారు. అది గొప్ప ఫలితమే కానీ, ఆ చేయి ఎవరిదో చెప్పడం వేరే పని.

కుక్క ముక్కు ఎంత చురుకైనదైనా దాని తాడు మనిషి చేతిలో ఉంటుంది. నెదర్లాండ్స్‌లో అనుమానితుడు పట్టుకున్న లోహపు గొట్టాన్ని ఇతరులు పట్టుకున్నవాటితో కలిపి వరుసలో పేర్చి, ఘటనాస్థలంలో దొరికిన వాసన ఏ గొట్టంపై ఉందో కుక్క చేత గుర్తింపజేసేవారు. అనుమానితుడి గొట్టం ఎక్కడుందో కుక్కను నడిపించే డాగ్ హ్యాండ్లర్‌కు తెలియకూడదన్నది నియమం. 1997 నుంచి 2006 వరకు కొన్ని ప్రాంతాల్లో హ్యాండ్లర్లకు అది ముందే తెలుసని బయటపడి, పాత కేసులను తిరగదోడవలసి వచ్చింది.

మన న్యాయస్థానాలు ఈ విషయంలో ఎప్పుడో జాగ్రత్తపడ్డాయి. కుక్కను బోనెక్కించి ప్రశ్నించలేమనీ, మనిషి ప్రాణమూ స్వేచ్ఛా దాని ఊహపై ఆధారపడకూడదనీ ఉన్న అభ్యంతరాలను సుప్రీంకోర్టు 1969లోనే పరిగణనలోకి తీసుకుని, అలాంటి సాక్ష్యానికి సాధారణంగా పెద్ద విలువ ఉండదని చెప్పింది. 2001లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక హత్య కేసులో, కుక్క గానీ హ్యాండ్లర్ గానీ పొరబడవచ్చనీ, కుక్క ప్రవర్తనకు తప్పుడు అర్థం తీయవచ్చనీ గుర్తుచేసింది. దర్యాప్తుకు దారి చూపే ఆధారంగా జాగిలాన్ని వాడుకోవద్దని ఎవరూ అనడం లేదు, నేనూ అనను. అయితే కోర్టులో నిలవడానికే ఇంత కష్టపడే ఆధారాన్ని, మన విలేకరులు వీధి పేరుతో సహా మొదటి రోజే ఊరందరికీ పంచుతున్నారు.

కనుక నా విన్నపం చిన్నది. డాగ్ స్క్వాడ్ వచ్చి పరిశీలించిందని రాయండి, చాలు. అది ఎవరి గడప దగ్గర ఆగిందో, ఆ ఇంటివారిపై కేసు నమోదయ్యేదాకా ప్రచురించకండి. పొరపాటున ప్రచురిస్తే, వారికి సంబంధం లేదని తేలినప్పుడు ఆ సంగతిని కూడా అదే పేజీలో, అదే పరిమాణంలో వేయండి.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
వరంగల్.