కొవ్వొత్తులు సరే, అరెస్టు మెమో సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడు. రెండు రోజుల్లోనే అక్కడి మినెసోటా విశ్వవిద్యాలయం, ఫుట్‌బాల్ పోటీలకూ పెద్ద సభలకూ ఆ నగర పోలీసుల్ని బందోబస్తుకు పెట్టుకోబోమని తేల్చిచెప్పింది. అదే ఏడాది జూలైలో మన చీరాలలో, మాస్కు లేదని ఆపిన ఒక దళిత యువకుడు గాయాలతో చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులు, కొట్టారని కుటుంబం. అమెరికా ఘటనకు నిరసనగా ఫోన్లలో ప్రొఫైల్ బొమ్మలు నలుపు చేసుకున్న మన కాలేజీ పిల్లల్లో ఎంతమందికి చీరాల గుర్తుందో!

ఇలాంటి ఘటన జరిగితే మన కాలేజీలు చేసేది రెండు నిమిషాల మౌనం, ఒక కొవ్వొత్తుల ర్యాలీ, తహసీల్దారుకు వినతిపత్రం. వాటిని తప్పుపట్టడం లేదు. కానీ ఒక విద్యార్థిని స్టేషన్‌కు తీసుకెళ్లిన మొదటి రోజు ఏం చేయాలో ప్రిన్సిపాల్‌కూ తెలియదు, స్నేహితులకూ తెలియదు.

అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని అందరూ అంటారు. చిక్కు ఎక్కడంటే, 'అరెస్టు కాదు, విచారణకు పిలిచాం' అని ఒకటి రెండు రోజులు కూర్చోబెట్టి, తర్వాతెప్పుడో అరెస్టు సమయం రాస్తారు. లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. అందుకే తీసుకెళ్లిన వెంటనే సమయం, చోటు, బండి నంబరు, వచ్చినవాళ్ల పేరుపట్టీ మీది పేర్లు రాసి, కాలేజీ లెటర్‌హెడ్ మీద ఎస్పీకి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపాలి. ఫోన్లో చెబితే ఆధారం మిగలదు.

స్టేషన్‌కు యాభైమంది వెళ్లొద్దు. గుంపును చూపించి ఇంకో కేసు కడతారు. ఒక అధ్యాపకుడు, ఒక న్యాయవాది, ఇంటివాళ్లలో ఒకరు చాలు. అడగాల్సింది ఒకటే: విచారణకు రమ్మనే నోటీసా, అరెస్టా? ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు మామూలుగా నోటీసే ఇవ్వాలి, అరెస్టు చేస్తే కారణం రాయాలి. అరెస్టయితే మెమో, అంటే అరెస్టు వివరాలు రాసిన కాగితం, చూపమనాలి. అందులో తేదీ, సమయం, కనీసం ఒక సాక్షి సంతకం, అరెస్టయినవాడి సంతకం ఉండాలి. ఇది 1996 నాటి సుప్రీంకోర్టు డి.కె.బసు తీర్పు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని అబ్బాయికి ముందే చెప్పాలి.

ప్రభుత్వ డాక్టరు పరీక్ష నివేదిక నకలు అడిగి తీసుకోవాలి. మేజిస్ట్రేటు ముందు పిల్లలు నోరు విప్పరు, పక్కన తెచ్చినవాళ్లే నిలబడి ఉంటారు కనుక. దెబ్బలుంటే అక్కడే చెప్పి రికార్డు చేయించుకోవాలి. అరికాళ్ల వాపు నాలుగు రోజులు ఆగితే ఏముంటుంది? స్టేషన్ సీసీటీవీ రికార్డింగు కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 'కెమెరా పాడైంది' అన్న జవాబు రాకముందే, ఫలానా తేదీ, ఫలానా గంటలది భద్రపరచమని రాతపూర్వకంగా కోరాలి.

బాధితుడు ఎస్సీ, ఎస్టీ అయితే అట్రాసిటీ చట్టం కింద దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. కొట్టినవాళ్ల మీద ఫిర్యాదిచ్చినా ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి పోస్టులో, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి.

మన ప్రాంతంలో ఇది పాత కథ. బ్రిటిషు కాలంలో కావలి, కప్పరాళ్ళతిప్పల్లో ఎరుకల కుటుంబాలను నేరస్థ తెగ పేరుతో సెటిల్‌మెంట్లనే నిఘా కాలనీల్లో పెట్టి హాజరు వేసేవారు. ఆ నేరస్థ తెగల చట్టం 1952లో పోయింది. హాస్టల్లో ఫోన్ పోతే మాత్రం ఇప్పటికీ యానాది, ఎరుకల పిల్లల పెట్టెలే ముందు తెరుస్తున్నారు. పోలీసులకు ఆ పేర్లు ఎవరిస్తున్నారో కాలేజీలే చెప్పాలి. రాతపూర్వక కారణం లేకుండా హాస్టల్ జాబితా ఇవ్వకపోవడం, కేసు ఉన్నంత మాత్రాన టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్ ఆపకపోవడం ప్రిన్సిపాళ్ల చేతిలో పనులే.

ఉచిత న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100, ఎస్సీ, ఎస్టీలపై అట్రాసిటీల ఫిర్యాదుకు 14566. ఫీజు బకాయిల జాబితా అంటించే బోర్డు మీదే ఈ రెండూ పెద్దక్షరాలతో అంటించమని జిల్లాలోని కాలేజీలను కోరుతున్నాం.

— కొందరు అధ్యాపకులు, న్యాయవాదులు,
కావలి, నెల్లూరు జిల్లా