24 వోల్టుల పంచాయితీ

ప్రియమైన మాధవా,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. జవాబు రాయనందుకు నువ్వు అలిగి ఉంటావని తెలుసు, క్షమించు. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పెద్దవాడి పరీక్షలు అయిపోయాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది, చెల్లెమ్మకు మా ఆశీస్సులు చెప్పు. క్షేమసమాచారాలు ఇంతటితో సమాప్తం. ఎందుకంటే ఒక సంగతి నీకు చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది. పైగా మీరు కూడా ఇంటిని వెచ్చబెట్టే పాత ఫర్నేస్ తీసేసి, చలికాలంలో వేడినీ వేసవిలో చల్లదనాన్నీ ఇచ్చే హీట్ పంపు పెట్టించుకోబోతున్నామని రాశావు కాబట్టి, ఇది నీకు కబురుగానే కాక హెచ్చరికగా కూడా పనికొస్తుంది.

మా హీట్ పంపు బిగింపు పూర్తయింది. రాగి గొట్టాలు, కాంక్రీటు పలక, పెద్ద బ్రేకరు, వీటిలో దేని దగ్గరా పేచీ రాలేదు. పేచీ అంతా గది వేడిని చూసి యంత్రాన్ని నడిపే థర్మోస్టాట్ నుంచి లోపలి యూనిట్‌కు, అక్కడి నుంచి బయటి యూనిట్‌కు నడిచే వేలెడంత లావు కూడా లేని 24 వోల్టుల కంట్రోల్ కేబులు దగ్గర వచ్చింది. గోడలో ఉన్న పాత కేబులులో నాలుగే తీగలు ఉన్నాయి: కరెంటు తెచ్చే ఆర్, వేడికి డబ్ల్యూ, చల్లదనానికి వై, ఫ్యానుకు జి. ఇక్కడ నిన్ను తలచుకోక తప్పలేదు. ఆకుపచ్చ తీగ ఏ లోకంలో కనబడినా అది ఎర్తేనని హాస్టలు మెట్ల మీద ప్రమాణం చేసిన మహానుభావుడివి నువ్వు; ఆ రోజు వార్డెనుగారి ముఖం ఎలా మారిందో నేను మళ్ళీ రాయనక్కరలేదు. ఈ 24 వోల్టుల లోకంలో ఆకుపచ్చ తీగ ఫ్యానును తిప్పుతుంది. అది కూడా ఆనవాయితీయే తప్ప శాసనం కాదు. ముందు పనిచేసినవాడు ఏ రంగును ఎక్కడ బిగించాడో లోపలి యూనిట్ బోర్డు దగ్గర చూసి రాసుకోవలసిందే.

హీట్ పంపుకు ఆ నాలుగు తీగలు చాలవు. వేసవిలో ఒక దిక్కుకు, చలికాలంలో మరో దిక్కుకు గొట్టాల్లోని శీతలీకరణ వాయువును మళ్ళించే రివర్సింగ్ వాల్వుకు ఒక తీగ కావాలి. దానిని ఓ అని గానీ బి అని గానీ గుర్తిస్తారు, ఎందుకంటే కొన్ని యంత్రాలు చల్లబరిచేటప్పుడు ఆ వాల్వుకు కరెంటు ఇస్తాయి, కొన్ని వేడి చేసేటప్పుడు ఇస్తాయి. వైఫై థర్మోస్టాట్ నిలకడగా పనిచేయాలంటే ట్రాన్స్‌ఫార్మర్ రెండో కొస నుంచి వచ్చే సి తీగ కావాలి. అది లేకపోతే కొన్ని థర్మోస్టాట్‌లు వై లేదా డబ్ల్యూ తీగ గుండా చాటుగా కాస్త కరెంటు లాక్కుంటూ బతుకుతాయి, అప్పుడప్పుడు ఆ దొంగతనానికి రిలేలనే చిన్న స్విచ్చులు ఊరికే టకటకమంటాయి. పాత నాలుగింటిలోని డబ్ల్యూ ఇక అదనపు వేడికి పనికొస్తుంది, ఈ రెండూ కలిపితే మొత్తం ఆరు తీగలు. అంటే పాత కేబులుకు సెలవు ఇచ్చి కొత్తది లాగవలసిందే.

పని చేయడానికి వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడు, రాగి గొట్టాల అతుకులు ముచ్చటగా వేశాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ కంట్రోల్ కేబులు మాట వచ్చేసరికి బండిలోంచి కంప్యూటర్ నెట్‌వర్కు కేబులు చుట్ట ఒకటి తెచ్చి, ఇందులో ఎనిమిది తీగలున్నాయని, మీకు కావలసినవి ఆరేనని, రెండు మిగులు కూడా ఉంటాయని, 24 వోల్టులకు ఏ తీగైనా ఒకటేనని సెలవిచ్చాడు. నేను అనుమానంగా చూసేసరికి నియమాల ప్రకారం కూడా తప్పు లేదన్నాడు. మాధవా, తమాషా ఏమిటంటే ఆ మాట నిజమే! అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి ఈ రకం సర్క్యూట్లను క్లాస్ 2 అంటుంది, వాటి కేబులుకు సీఎల్2 అని గుర్తు ఇస్తుంది, ఆ స్థానంలో నెట్‌వర్కు కేబులు లాంటి కమ్యూనికేషన్ కేబులు వాడుకోవడానికి అనుమతి కూడా ఇస్తుంది. అయితే క్లాస్ 2 అనే ఏర్పాటు ఉన్నది మనిషికి షాకు తగలకుండా, ఇల్లు అంటుకోకుండా కరెంటు శక్తికే హద్దు పెట్టడానికి. అవతలి కొసన కాంప్రెసర్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు, అంటే కాంటాక్టర్, గట్టిగా అతుక్కుంటుందా లేదా అన్నది ఆ అనుమతి చూసే విషయం కాదు. అది చూసుకోవలసింది కేబులు ఎంచుకునేవాడు.

సరే, చూద్దామన్నాను, బిగించాడు. వాల్వు మారింది, ఫ్యాను తిరిగింది, బయటి యూనిట్ మాత్రం గురగురమంటూ పళ్ళు కొరికింది. కాంప్రెసర్ మొదలైనట్టే మొదలై ఆగుతోంది. కుర్రవాడు కాంటాక్టర్ చెడిపోయిందని తేల్చి కొత్తది తేవడానికి బయలుదేరాడు. నేను ఆగమని చెప్పి, బయటి యూనిట్ కంట్రోల్ తీగలు రెంటికీ మల్టీమీటరు పెట్టాను. థర్మోస్టాట్ కాంప్రెసర్‌ను పిలవనప్పుడు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 26 దాటి చూపిస్తున్న వోల్టేజి, పిలిచిన క్షణంలో బయట 18 దగ్గర వణుకుతోంది. భారం వేయకుండా తీసిన రీడింగును పుస్తకంలో రాయనిచ్చేవారు కాదే మన ల్యాబు మాస్టారు, ఆయన గుర్తొచ్చి ఒక్క క్షణం మనసు బరువెక్కింది. ఆయన పోయిన కబురు కూడా నాకు నువ్వే రాశావు కదా. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

కాంటాక్టర్ కాయిల్ స్వభావం నీకు తెలియనిది కాదు. ఇనుప పలక దూరంగా ఉన్నంతసేపు ఇండక్టెన్స్ తక్కువగా ఉండి అది ఆంపియరుకు పైగా లాగుతుంది. పలక వచ్చి అతుక్కున్నాక ఆ కరెంటు చాలా వరకు పడిపోతుంది. తీగ సన్నదైతే సరిగ్గా ఆ లాగే క్షణంలోనే వోల్టేజి కుంగుతుంది, పలక సగం దాకా వచ్చి వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది, ఎక్కువ కరెంటు దశను దాటనే దాటదు. 24 వోల్టుల కాయిల్ నమ్మకంగా లాగాలంటే సుమారు 18 వోల్టులైనా ఉండాలి, మనం సరిగ్గా ఆ గట్టు మీదే నిలబడి ఉన్నాం. అలాగే వదిలేస్తే కాయిల్ కాలుతుంది, కాంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే కాంటాక్టులు నిప్పురవ్వలకు గుంటలు పడతాయి, ఆ పాపం కాంప్రెసర్ మీదికి పోతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచింది దూరం లెక్క. లోపలి యూనిట్ నుంచి బయటి యూనిట్‌కు 20 మీటర్లే కదా అనుకుంటాం. కానీ కాంటాక్టర్‌ను లాగే కరెంటు ముందు ఆర్ తీగలో థర్మోస్టాట్ దాకా 15 మీటర్లు వెళ్ళి, వై తీగలో అంతే దూరం వెనక్కి వచ్చి, ఆ తరువాత 20 మీటర్లు బయటికి వెళ్ళి, సి తీగలో మళ్ళీ 20 మీటర్లు తిరిగొస్తుంది. వెరసి 70 మీటర్ల తీగ. నెట్‌వర్కు కేబులులోని తీగ 24 గేజి, అంటే అర మిల్లీమీటరు మందం. దాని నిరోధం మీటరుకు 0.084 ఓములు, 70 మీటర్లకు దాదాపు 5.9 ఓములు. లాగే ప్రతి ఆంపియరుకూ ఆరు వోల్టులు తీగలోనే ఆవిరి. అదే 18 గేజి తీగ అయితే మందం ఒక మిల్లీమీటరు, రాగి నాలుగు రెట్లు, నిరోధం ఒకటిన్నర ఓము లోపు. 40 వీఏ (వోల్టు-ఆంపియరు) ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి శక్తితో ఇవ్వగలిగేది 1.67 ఆంపియర్లు, అందులోనే వాల్వు, ఫ్యాను రిలే, థర్మోస్టాట్ కూడా బతకాలి కాబట్టి తీగలో పారబోయడానికి మిగులు ఏదీ లేదు.

ఈ లెక్క అట్టపెట్టె మీద వేసి చూపిస్తే కుర్రవాడు తల గోక్కుని, అయితే రెండేసి తీగలు మెలిపెట్టి ఒకటిగా వాడదామన్నాడు. ఆలోచన చెడ్డదేమీ కాదు, నిరోధం సగమవుతుంది. కానీ ఎనిమిది తీగలు నాలుగు జతలైతే ఆరు పనులకు ఎలా సరిపోతాయి? ఆ ప్రశ్నకు అతను నవ్వేశాడు, నేనూ నవ్వేశాను, పంచాయితీ అక్కడితో తెగిపోయింది. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్నది ఈ 24 వోల్టులకూ వర్తిస్తుందంటే అభ్యంతరం చెప్పలేదు.

చివరికి వేసినది 18 గేజి, ఎనిమిది తీగల కేబులు. ఆరుకు ఎనిమిది ఎందుకంటావేమో. రేపు రెండు దశల కాంప్రెసర్ పెడితే దాని రెండో దశకు వై2 అనే ఇంకో తీగ కావాలి, ఎప్పుడైనా ఒక తీగ తెగితే దాని బదులు వాడుకోవడానికి ఇంకొకటి ఉండాలి. రెండు తీగల కోసం మళ్ళీ గోడ విప్పే ఓపిక నాకు లేదు, నీకు అసలే లేదు. తొడుగు మీద అచ్చు వేసిన అక్షరాలను వెలుతురులో పెట్టి చదివాను: గేజి, తీగల సంఖ్య, సీఎల్2 గుర్తు ఉన్నాయి. పైకి రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే రకం కూడా వస్తుంది కాబట్టి ఒక కొస గీరి చూశాను, లోపల కూడా ఎర్రగానే ఉంది. నూలు పోగుల్లాంటి పేట తీగ కాకుండా ఒంటి తీగనే తీసుకున్నాను, ఎందుకంటే థర్మోస్టాట్ వెనుక నొక్కితే పట్టుకునే రంధ్రాలు ఒంటి తీగ కోసమే చేసినవి. పేట తీగ అందులో విచ్చుకుని పక్క దానిని తాకుతుంది. మీ ఇంట్లో సీలింగు పై భాగంలోంచే గాలి తిరిగి వెళ్ళే ఏర్పాటు ఉందన్నావు, అక్కడ కేబులు లాగేటట్టయితే పొగ తక్కువ వచ్చే సీఎల్2పీ రకమే కావాలి, మామూలుది పనికిరాదు. ఈ ఒక్క విషయంలో నీ బేరాలు, నీ "చూద్దాంలే" నడవవు.

బయటి ముక్క ఎండకు నిలిచే తొడుగుది వేయించు, లేదా గొట్టంలో పెట్టించు. మామూలు తొడుగు ఎండకు పెళుసెక్కి పగులుతుంది. కాంప్రెసర్‌కు వెళ్ళే మెయిన్స్ తీగలున్న గొట్టంలో దీనిని కలిపి దూర్చనివ్వకు. ఆ గొట్టానికి బయటినుంచి కట్టుకోవడానికి మాత్రం నియమావళిలో మినహాయింపు ఉంది, అది కూడా అదే యంత్రాన్ని నడిపే క్లాస్ 2 కేబులుకు మాత్రమే. స్టేపుల్ కొట్టేటప్పుడు బలంగా కొడితే తొడుగు లోపల తీగలు నలిగి, కొంతకాలానికి బోర్డు మీది ఊదా రంగు 3 ఆంపియర్ల ఫ్యూజు ఎందుకు పోతోందో తెలియక జుట్టు పీక్కుంటారు. అలా పోవడం కాంప్రెసర్‌ను పిలిచినప్పుడు మాత్రమే జరుగుతుంటే, అనుమానం ముందుగా బయటికి వెళ్ళే వై తీగ మీదికి పోవాలి.

కొత్త కేబులు వేశాక బయటి మీటరు పిలిచిన క్షణంలో కూడా 23 కంటే కిందికి దిగలేదు. కాంటాక్టర్ ఒక్కసారి టక్కుమంది, అంతే. అదే పాత కాంటాక్టర్, మాధవా! చెడిపోయిందన్నదే.

ఇప్పుడు నువ్వు చేయవలసింది, లోపలి యూనిట్ నుంచి థర్మోస్టాట్‌కు ఎంత దూరమో, బయటి యూనిట్‌కు ఎంత దూరమో గోడ వెంబడి, మలుపులతో సహా, కొలిచి వెంటనే నాకు రాయి. నేలను చూసి అడుగులు లెక్కపెట్టి రాయకు. నీ అడుగుల లెక్క సంగతి ఆ షామియానా రోజునే తెలిసింది. పాత కేబులులో ఎన్ని తీగలున్నాయో కూడా చూడు, కొన్నిసార్లు వాడని తీగలు తొడుగులో వెనక్కి మడిచి ఉంటాయి, అదృష్టముంటే సి తీగ అక్కడే దొరుకుతుంది. ఇంకొకటి, థర్మోస్టాట్ వెనుక కేబులు వచ్చే రంధ్రాన్ని తప్పకుండా మూయించు, లేకపోతే గోడ లోపలి గాలి సెన్సారుకు తగిలి గది ఉష్ణోగ్రత తప్పుగా చూపించి, ఆ తరువాత మీరు దాని మీద

తనిఖీ అధికారిగారు వచ్చారు, బయట పిలుస్తున్నారు. కొలతలు మరచిపోకు.

నీ
శ్రీధర్