ఆ నల్లటి మడ్డిని తూచావా?

బుజ్జితల్లీ,

నువ్వు ఫోన్ చేసి 22 రోజులైంది. పనిలో తలమునకలుగా ఉంటావని, విసిగించకూడదని ఇన్నాళ్లూ ఆగాను. ఇప్పుడు కూడా ప్రత్యేకంగా ఏమీ లేదు, నాలుగు కబుర్లు రాద్దామని కూర్చున్నా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. చిన్నోడు నీ గదిలోకి మారాడు. నీ పుస్తకాల జోలికి మాత్రం వాణ్ని పోనివ్వడం లేదు.

నిన్న నీ బల్ల సొరుగు సర్దుతుంటే, పోయినసారి వచ్చినప్పుడు నాకోసం గీసిన కాగితం దొరికింది. ఫ్రక్టోజ్ అనే చక్కెర నుంచి మూడు నీటి అణువులు ఊడిపోతే హెచ్‌ఎంఎఫ్ అనే రసాయనం. అక్కణ్నుంచి మూడు బాణాలు. ఒకటి ఇంధనానికి, ఒకటి ప్లాస్టిక్‌కి, మూడోది వంకరగా కిందికి పోయి నల్లటి ముద్ద. "ఈ హ్యూమినే నాన్నా నా ప్రాణం తీస్తోంది" అన్నావు. పెన్సిల్‌తో ఎంత గట్టిగా రుద్దావో, కాగితం అవతలి వైపు వేలికి తగులుతోంది.

మొన్న శారదత్త ఏదో అంది. నీ రియాక్టర్ ఆ మడ్డితో పూడుకుపోయిందట, నువ్వు పీహెచ్‌డీ వదిలేస్తానంటున్నావట. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఏదైనా ఉంటే నువ్వే చెప్తావు కదా.

సరే, అది అలా ఉంచు. ముప్పై ఏళ్లు ముడిచమురుతో బతికినవాణ్ని నేను. చమురులో ఆక్సిజన్ దాదాపు ఉండదు. మీ చెక్కపొట్టులో, ఆకూ కాండాల్లో బరువుకి 40 శాతం పైగా అదే. మేము పెద్ద అణువుల్ని విరగ్గొట్టుకుంటే చాలు. మీరు ఆక్సిజన్‌ని ఊడబీకాలి, కార్బన్ చేజారకుండా చూసుకోవాలి, అదీ నీళ్లలో. ఉత్ప్రేరకానికి ఆధారంగా మేము నిశ్చింతగా వాడే గామా అల్యూమినా ఒత్తిడిలో ఉన్న వేడినీళ్లలో బోమైట్ అనే వేరే పదార్థంగా మారిపోతుందని నువ్వు చెప్పిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇంత కష్టమైన పని ఎంచుకున్నావని గర్వపడ్డాను. ఆ మాట అప్పుడే నీతో అనాల్సింది.

నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రియాక్టర్లో ఉత్ప్రేరకపు గుళికలు నింపిన బెడ్‌లో కోక్, అంటే మసిలాంటి కార్బన్, పేరుకుని పైకీ కిందికీ ఒత్తిడి తేడా (ప్రెషర్ డ్రాప్) రోజురోజుకీ పెరుగుతోంది. యూనిట్ ఆపి, కోక్‌ని రియాక్టర్లోనే కాల్చి ఉత్ప్రేరకాన్ని మళ్లీ బతికించాలని నిర్ణయించారు. నైట్రోజన్ పంపుతూ అందులో గాలి కొద్దికొద్దిగా కలపాలి. మొదట్లో ఆక్సిజన్ ఒక శాతం కూడా దాటకూడదు. అప్పుడు మండే పొర పైనుంచి కిందికి గంటల తరబడి నెమ్మదిగా దిగుతుంది. బెడ్‌లో వరసగా ఉన్న థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) ఒకదాని తర్వాత ఒకటి వేడెక్కి చల్లారుతుంటే అది ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. ఆ రాత్రి షిఫ్ట్ నాది. రెండున్నరకి మూడో పాయింట్ దగ్గర అది ఆగిపోయినట్టనిపించింది. తెల్లారేసరికి పూర్తిచేసి చూపించాలన్న తొందరలో గాలి వాల్వ్ పావు చుట్టు ఎక్కువ తిప్పాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత నాలుగో పాయింట్ రీడింగ్ పరుగందుకుంది. మా పెద్దాయన కుర్చీ వెనక్కి పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. గాలి కట్టేశాం, నైట్రోజన్‌తో చల్లార్చాం. కానీ అప్పటికే అక్కడ అడుగు మందాన ఉత్ప్రేరకంలోని లోహపు రేణువులు వేడికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టేశాయి. కోక్ పోయిందిగానీ దానితో పాటు ఉత్ప్రేరకమూ పోయింది. కోక్ ఒక్కటే అయితే మెల్లగా కాలిపోయేదే, నా తొందర దాన్ని పాడుచేసింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రియాక్టర్ తెరిచాక పాడైన గుళికల్ని పొర పొరా విడిగా తీయించి, తూయించి, నాచేతే చీటీలు రాయించారు. తర్వాతిసారి ఏ దశలో ఎంత గాలి ఇవ్వాలో ఆ చీటీల్లోంచే తేలింది.

అందుకే అడుగుతున్నా, ఆ మడ్డిని తూచావా? లోపలికి పోసిన చక్కెరలో కార్బన్ ఎంత, హెచ్‌ఎంఎఫ్‌గా వచ్చింది ఎంత, అది విరిగి లెవులినిక్, ఫార్మిక్ ఆమ్లాల్లోకి పోయింది ఎంత, నల్లదాన్లో మిగిలింది ఎంత? కడిగి పారబోసి ఉంటే మాత్రం చాలా తప్పు చేసినట్టే. ఉత్ప్రేరకం మార్చేముందు హెచ్‌ఎంఎఫ్ లోపల ఎంతసేపు ఉండిపోతోందో చూడు, ఎక్కువసేపుంటే అదే మడ్డి అవుతుంది. 2006లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ డ్యూమెసిక్ బృందం చేసింది అదే కదా, పుట్టినదాన్ని పుట్టినట్టు ఆమ్లపు నీళ్లలోంచి పైన తేలే సాల్వెంట్‌లోకి లాగేశారు. హెచ్‌ఎంఎఫ్‌కి దగ్గరి చుట్టమైన ఫర్ఫ్యూరల్ సంగతి చూడు. 1922లోనే క్వేకర్ ఓట్స్ వాళ్లు ఓట్స్ పొట్టు నుంచి అమ్మకానికి తయారుచేశారు. నూరేళ్లు దాటినా దాని తయారీలో కొంత సరుకు రెసిన్‌గా గడ్డకట్టి పోతూనే ఉంది. నీ ఒక్కదానికే జరిగినట్టు బాధపడకు.

పాఠాలు చెప్పనని అమ్మకి మాటిచ్చి రాయడం మొదలుపెట్టాను. ఇంకొక్క విషయం చెప్పి ఊరుకుంటా, ఇది మాత్రం వినాలి. గొట్టం నిజంగా పూడుకుపోయి ఉంటే గేజ్ సున్నా చూపించినా నమ్మకు. ఒత్తిడి అడ్డం వెనకాల చిక్కుకుని ఉండొచ్చు. రాత్రిపూట ఒక్కదానివే విప్పకు, పక్కన తెలిసినవాళ్లని ఉంచుకో. లీక్ టెస్ట్ ముందు నైట్రోజన్‌తో చెయ్యి, హైడ్రోజన్ తర్వాత. కార్బన్ మీద పల్లాడియం వాడితే వడకట్టాక ఆ పొడిని ఆరనివ్వకు, గాలి తగిలి అంటుకుంటుంది. కళ్లద్దాలు పాతవైపోయాయన్నావు, మార్చావా? టైముకి భోజనం చేస్తున్నావా? ల్యాబ్‌లో కుర్చీలోనే నిద్రపోవడం మానేశావా?

శారదత్త మాట నిజమే అయితే నేనేమీ కోప్పడను. నాలుగేళ్లు కష్టపడ్డావు, ఆగాలో సాగాలో తేల్చుకోవాల్సింది నువ్వే. కాకపోతే అది నీ నోటి నుంచి వినాలని ఉంది. అమ్మ రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ పక్కనే కూర్చుంటోంది, నాకు తెలియదనుకుంటోంది.

మాట్లాడాలనిపించకపోతే, మడ్డి ఎన్ని గ్రాములు వచ్చిందో ఆ అంకె ఒక్కటి మెసేజ్ పెట్టు చాలు. నీ కాగితం నా దగ్గరే ఉంది, మిగతా లెక్క నేను వేసిపెడతాను.

నాన్న